మోడలికాలో ఎలక్ట్రానిక్ సర్క్యూట్: ఒక్క రెసిస్టర్ నుంచి పవర్ సప్లై దాకా

ఓమ్ సూత్రాన్ని సీ భాషలోనో పైథాన్‌లోనో రాయబోతే ముందుగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. కరెంటు తెలిసి వోల్టేజి కావాలా, వోల్టేజి తెలిసి కరెంటు కావాలా? రెండింటికీ వేర్వేరు వాక్యాలు రాయాలి. ఒక సర్క్యూట్‌కు సరిపోయిన వాక్యం ఇంకో సర్క్యూట్‌లో పనికిరాకపోవచ్చు. బోర్డు మీది రెసిస్టర్‌కు ఆ చిక్కు లేదు. తన రెండు కొనల మధ్య వోల్టేజికీ, తనగుండా పారే కరెంటుకూ ఉన్న సంబంధం ఒక్కటే దానికి తెలుసు. ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు దానికి లేదు.

మోడలికా భాషలో రాసిన రెసిస్టర్ కూడా అంతే. అక్కడ సమానం గుర్తుకు అర్థం ‘కుడివైపు లెక్కించి ఎడమవైపు పెట్టు’ అని కాదు, ‘ఈ రెండూ ఎప్పుడూ సమానంగా ఉంటాయి’ అని. ఏ రాశిని దేన్నుంచి రాబట్టాలో కంపైలర్ చూసుకుంటుంది. ఈ ఒక్క విషయం ఒంటబట్టితే మిగతాదంతా సులువు. ఒంటబట్టకపోతే మోడలికా ఇంకో ప్రోగ్రామింగ్ భాషలాగే కనిపించి విసిగిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో నేరుగా లైబ్రరీలోని బొమ్మలు లాగి అతికించే పనితో మొదలుపెట్టడం లేదు. ముందు రెసిస్టర్‌ను, కెపాసిటర్‌ను మన చేత్తో తయారు చేద్దాం. తర్వాత లైబ్రరీ సాయంతో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే బ్రిడ్జి రెక్టిఫయర్ (నాలుగు డయోడ్లతో ఏసీని డీసీగా మార్చే సర్క్యూట్) కట్టి, చివరికి అందులోని రెసిస్టర్ ఎంత వేడెక్కుతుందో చూద్దాం.

ఎప్పుడు మోడలికా, ఎప్పుడు స్పైస్

సర్క్యూట్ సిమ్యులేషన్ అనగానే గుర్తొచ్చేది స్పైస్. 1970ల తొలినాళ్లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లారెన్స్ నాగెల్, డొనాల్డ్ పెడర్సన్ దాన్ని రూపొందించారు. చిప్ లోపలి ట్రాన్సిస్టర్ల డిజైనుకు ఈనాటికీ స్పైస్ కుటుంబమే సరైన దారి. ఆ పని మీద ఉన్నవారికి మోడలికాకు మారమని నేను చెప్పను. కాకపోతే స్పైస్‌లో పరికరాల నమూనాలు చాలావరకు ప్రోగ్రామ్ లోపలే ఉంటాయి. మనం విలువలు మారుస్తాం గానీ సూత్రాన్ని ముట్టుకోవడం తక్కువ. సర్క్యూట్ చివర ఒక మోటారు తిరుగుతున్నా, బ్యాటరీ వేడెక్కుతున్నా, పంపు నీళ్లు తోడుతున్నా ఆ భాగాల్ని విద్యుత్ భాగాల వేషం వేసి ఇరికించాల్సి వస్తుంది.

మోడలికా ఆ అవసరం నుంచే పుట్టింది. స్వీడన్‌లోని లుండ్‌లో హిల్డింగ్ ఎల్మ్‌క్విస్ట్ 1978లో తన పీహెచ్‌డీ పరిశోధనలో డైమోలా అనే భాషను ప్రతిపాదించారు. ఆ ఆలోచననే పెంచి, 1997 సెప్టెంబరులో మోడలికా మొదటి వెర్షన్ విడుదల చేశారు. విద్యుత్తుకైనా, వేడికైనా, యంత్రాల కదలికకైనా ఒకే భాష. ఈ భాషను నడిపించే సాఫ్ట్‌వేర్‌గా మనం వాడబోయే ఓపెన్‌మోడలికా ఉచితం, దాని సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు దీన్ని కాలేజీలకు చేరవేస్తోంది.

మొదటి అడుగు: సాఫ్ట్‌వేర్, ప్యాకేజీ

ఓపెన్‌మోడలికా అధికారిక సైటు నుంచి విండోస్‌కు గానీ లైనక్స్‌కు గానీ తగిన ఇన్‌స్టాలర్ తీసుకోండి. అందులో వచ్చే ఓఎమ్ఎడిట్ అనే ఎడిటర్‌లోనే మన పని అంతా. తెరిచాక ఎడమవైపు లైబ్రరీ బ్రౌజర్‌లో ‘మోడలికా’ అనే ప్రామాణిక లైబ్రరీ కనిపించాలి. అది వెర్షన్ 4 లేదా తర్వాతిదో కాదో చూసుకోండి. 2020లో వచ్చిన వెర్షన్ 4లో కొన్ని పేర్లు మారాయి. ఉదాహరణకు సైన్ వోల్టేజి సోర్సులో ఫ్రీక్వెన్సీకి పాత పేరు ‘ఫ్రీక్‌హెర్జ్’, కొత్త పేరు ఒకే అక్షరం ‘ఎఫ్’. పాత పాఠాలు చూసి టైపు చేస్తే తప్పు చూపించేది ఇలాంటి చోటే.

ఫైల్ మెనూలో కొత్త మోడలికా క్లాసు ఎంచుకుని, రకం దగ్గర ‘ప్యాకేజీ’ అని పెట్టి, మీకు నచ్చిన పేరు ఇవ్వండి. ఇకపై తయారు చేసే క్లాసులన్నీ ఇందులోకే వెళ్లాలి. ఈ కింద భాషలోని పదాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి, ఒక్క ‘రియల్’కు తప్ప. దాని మొదటి అక్షరం పెద్దది. మోడలికాకు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు.

రెండో అడుగు: పిన్

సర్క్యూట్‌లో భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది కాళ్ల ద్వారా, అంటే పిన్నుల ద్వారా. ప్యాకేజీలో ‘కనెక్టర్’ రకం క్లాసు ఒకటి తయారు చేసి దానికి ‘పిన్’ అని పేరు పెట్టండి. అందులో రెండే రాశులు: వోల్టేజికి ‘వి’, కరెంటుకు ‘ఐ’. రెండూ ‘రియల్’ రకం. కరెంటు ముందు మాత్రం ‘ఫ్లో’ అనే పదం తప్పనిసరి.

ఈ చిన్న పదంలో కిర్కాఫ్ నియమాలు రెండూ ఇమిడి ఉన్నాయి. పిన్నుల్ని ‘కనెక్ట్’ చేసినప్పుడు, ‘ఫ్లో’ లేని రాశులు అన్నీ సమానమని కంపైలర్ రాసుకుంటుంది. అంటే ఒకే ముడి దగ్గర వోల్టేజి ఒకటే. ‘ఫ్లో’ ఉన్న రాశుల మొత్తం సున్నా అని రాసుకుంటుంది. అంటే ముడిలోకి వచ్చిన కరెంటంతా బయటికి పోవాల్సిందే. ‘ఫ్లో’ మరిచిపోతే కరెంట్లు కూడా సమానమైపోతాయి. మూడు తీగలు కలిసిన చోట మూడింటిలోనూ ఒకే కరెంటు, ఒకే దిశలో! కంపైలర్ కొన్నిసార్లు తప్పు చూపిస్తుంది, కొన్నిసార్లు అర్థంలేని జవాబు ఇస్తుంది. గుర్తు విషయంలో ఒకే నియమం: భాగం లోపలికి వచ్చే కరెంటు ధనాత్మకం.

మూడో అడుగు: రెండు కాళ్ల తల్లి క్లాసు

రెసిస్టర్, కెపాసిటర్, ఇండక్టర్, డయోడ్, బ్యాటరీ, వీటన్నిటికీ రెండేసి కాళ్లు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒకసారే రాసి పెట్టుకుంటే చాలు. ‘మోడల్’ రకం క్లాసు తయారు చేసి, ‘పార్షియల్’ అనే గడిలో టిక్ పెట్టండి. అంటే ఇది అసంపూర్ణమని, దీన్ని నేరుగా వాడకూడదని చెప్పినట్టు. పేరు ‘రెండుకాళ్లు’ అనే అర్థం వచ్చేది ఏదైనా పెట్టుకోండి. లోపల ‘పి’, ‘ఎన్’ అనే రెండు పిన్నులు, ‘వి’, ‘ఐ’ అనే రెండు రాశులు. ‘ఈక్వేషన్’ అనే పదం కింద మూడు సమీకరణాలు:

వి = పి.వి − ఎన్.వి
0 = పి.ఐ + ఎన్.ఐ
ఐ = పి.ఐ

ఒక కాలిలో దిగిన కరెంటు రెండో కాలిలోంచి బయటికి రావాలనే మాటే రెండో వరుస.

ఇక పిల్ల క్లాసులు ఒక్కో వాక్యం పని. రెసిస్టర్‌లో ‘ఎక్స్‌టెండ్స్’ అని తల్లి పేరు రాసి, ‘పారామీటర్’గా ‘ఆర్’ ఇచ్చి, సమీకరణంగా వి = ఆర్ × ఐ రాయండి. కెపాసిటర్‌కు ఐ = సి × డెర్(వి). ఇక్కడ ‘డెర్’ అంటే కాలంతో పాటు మారే వేగం. స్థిర వోల్టేజి సోర్సుకు వి = ఇచ్చిన విలువ. గ్రౌండ్‌కు ఒకే పిన్ను, ఒకే సమీకరణం: పి.వి = 0. గుణకారానికి నక్షత్రం గుర్తు వాడాలి, ప్రతి వరుస చివర సెమీకోలన్ ఉండాలి. ఇండక్టర్ మీరే రాసి చూడండి. ఇంతవరకూ అర్థమైందో లేదో తెలిసిపోతుంది.

నాలుగో అడుగు: 20 సమీకరణాలు, 20 తెలియని రాశులు

ఇంకో మోడల్ తెరిచి 10 వోల్టుల సోర్సు, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, గ్రౌండ్ పెట్టి వరుసగా కలపండి. సోర్సు ‘పి’ రెసిస్టర్ ‘పి’కి, రెసిస్టర్ ‘ఎన్’ కెపాసిటర్ ‘పి’కి, కెపాసిటర్ ‘ఎన్’ను, సోర్సు ‘ఎన్’ను గ్రౌండ్‌కు. మన క్లాసులకు ఇంకా బొమ్మలు గీయలేదు కాబట్టి ‘కనెక్ట్’ వాక్యాలను టెక్స్ట్ వ్యూలో చేత్తో రాయడమే మేలు.

సిమ్యులేట్ నొక్కే ముందు ఒకసారి కాగితం తీసుకోండి. రెండు కాళ్ల భాగం ఒక్కోదానిలో ఆరు రాశులున్నాయి: పిన్నుల్లో నాలుగు, సొంతంగా రెండు. అలాంటివి మూడు, అంటే 18. గ్రౌండ్‌లో రెండు. మొత్తం 20. సమీకరణాలు ఎన్ని? రెండు కాళ్ల భాగం ఒక్కోదానికి తల్లి ఇచ్చినవి మూడు, సొంతది ఒకటి, అంటే మూడు భాగాలకు 12. గ్రౌండ్‌కు ఒకటి. ఇప్పటికి 13. మిగిలినవి కలయికల నుంచి వస్తాయి. రెండు పిన్నులు కలిసిన ముడి రెండు సమీకరణాలిస్తుంది: ఒక వోల్టేజి సమానత్వం, ఒక కరెంటు మొత్తం. అలాంటి ముడులు రెండు. మూడు పిన్నులు కలిసిన ముడి మూడు ఇస్తుంది. మొత్తం 7. పదమూడూ ఏడూ ఇరవై.

ఇప్పుడు పైన ఆకుపచ్చ టిక్ బొమ్మతో ఉన్న ‘చెక్ మోడల్’ నొక్కితే ఓఎమ్ఎడిట్ కూడా ఇదే లెక్క చూపిస్తుంది. ఇకపై సమీకరణాలు ఎక్కువో తక్కువో అని తప్పు వచ్చినప్పుడల్లా ఈ లెక్క దారి చూపిస్తుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. గ్రౌండ్ పెట్టకపోతే ఒక్కోసారి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ జవాబు రాదు. వోల్టేజి తేడాలు తెలుస్తాయి, దేన్నుంచి కొలవాలో తెలియదు.

ఈ 20 సమీకరణాల్లో నిజంగా కాలంతో పాటు లెక్కించాల్సిన రాశి ఒక్కటే, కెపాసిటర్ వోల్టేజి. మిగతావన్నీ దాని నుంచి రాబట్టవచ్చని కంపైలర్ తేల్చేస్తుంది. కాబట్టి ఆ ఒక్కదానికి ఆరంభ విలువ ఇవ్వాలి. కెపాసిటర్‌లోని ‘వి’కి ‘స్టార్ట్’ సున్నా, ‘ఫిక్స్‌డ్’ ట్రూ అని రాయండి. రాయకపోతే ప్రోగ్రామ్ తానే ఒకటి ఊహించుకుని హెచ్చరిక ఇస్తుంది. ఆ ఊహ మీద ఆధారపడటం మంచిది కాదు.

సిమ్యులేషన్ సెటప్‌లో ముగింపు కాలం 0.5 సెకన్లు పెట్టి నడిపించండి. గ్రాఫ్‌లో కెపాసిటర్ వోల్టేజి 0.1 సెకను దగ్గర 6.32 వోల్టులు, 0.5 సెకన్ల దగ్గర 9.93 వోల్టులు ఉండాలి. మొదటి క్షణంలో కరెంటు 10 మిల్లీఆంపియర్లు. ఈ మూడూ చేతిలెక్కతో ముందే తెలిసిన అంకెలు. ఇవి కలవకుండా ముందుకు వెళ్లకండి.

ఐదో అడుగు: లైబ్రరీతో బ్రిడ్జి రెక్టిఫయర్

ప్రామాణిక లైబ్రరీలో ఎలక్ట్రికల్, అందులో అనలాగ్ తెరవండి. ‘బేసిక్’లో రెసిస్టర్, కెపాసిటర్, గ్రౌండ్, ‘సోర్సెస్’లో సైన్ వోల్టేజి, ‘సెమీకండక్టర్స్’లో డయోడ్. రెసిస్టర్ మీద రైట్ క్లిక్ చేసి టెక్స్ట్ చూడండి. ‘వన్‌పోర్ట్’ అనే తల్లి క్లాసు పేరు కనిపిస్తుంది, దాని వెంట వెళితే మనం రాసిన మూడు సమీకరణాలు దొరుకుతాయి. లోపల దాచిన మాయ ఏమీ లేదు. నాకు ఈ భాష మీద నమ్మకం కుదిరింది ఆ పేజీ చూసినప్పుడే.

డయాగ్రమ్ వ్యూలోకి భాగాలను లాగి పెట్టండి. 12 వోల్టులు అనేది ఆర్‌ఎంఎస్ విలువ (ఏసీకి మామూలుగా చెప్పే విలువ, శిఖరం కాదు) కాబట్టి సోర్సులో శిఖర విలువ 16.97 ఇవ్వాలి, ఫ్రీక్వెన్సీ 50. సోర్సుకు వరుసలో 0.5 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. అది ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల నిరోధం. దాన్ని వదిలేస్తే మొదటి క్షణంలో కెపాసిటర్‌లోకి దూకే కరెంటుకు అడ్డు ఉండదు, మన లెక్క నిజ ప్రపంచానికి దూరమైపోతుంది. కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్లు, అంటే పారామీటర్ గడిలో 0.001. అక్కడ ప్రమాణం ఫారడ్ కాబట్టి 1000 అని కొట్టేస్తే గ్రాఫ్ సున్నా నుంచి కదలదు. లోడ్ 100 ఓములు.

డయోడ్లలో నిండిన నీలి చదరం ‘పి’, ఖాళీ చదరం ‘ఎన్’. మొదటి రెండు డయోడ్ల ‘ఎన్’లను అవుట్‌పుట్ ప్లస్‌కు కలిపి, వాటి ‘పి’లలో ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ పై కొనకు, ఇంకోటి కింది కొనకు ఇవ్వండి. మిగతా రెండింటి ‘పి’లను అవుట్‌పుట్ మైనస్‌కు, ‘ఎన్’లను మళ్లీ పై కొనకు ఒకటి, కింది కొనకు ఒకటి. కెపాసిటర్, లోడ్ రెండూ అవుట్‌పుట్ ప్లస్, మైనస్‌ల మధ్య.

గ్రౌండ్ ఒక్కటే, అదీ అవుట్‌పుట్ మైనస్ దగ్గర. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ కింది కొనకు గ్రౌండ్ పెట్టడం అలవాటు కొద్దీ చేసేసి, అవుట్‌పుట్ మైనస్‌కు ఇంకో గ్రౌండ్ పెట్టాను. చెక్ మోడల్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. సిమ్యులేషన్ నడిచింది, లోడ్ వోల్టేజి కూడా చూడటానికి బాగానే ఉంది. ఇంకేదో వెతుకుతూ డయోడ్ల కరెంటు గ్రాఫ్ తెరిస్తే ఒకదానిలో 30 ఆంపియర్లకు పైగా ఉంది! రెండు గ్రౌండ్లు కలిసి ఒక డయోడ్‌ను షార్ట్ చేశాయి. ఒక అర్ధచక్రంలో ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం ఇంకో డయోడ్ గుండా తనలోకి తానే ప్రవహిస్తోంది. బోర్డు మీదైతే వాసన వచ్చేది. సిమ్యులేటర్‌కు గణితం తప్పు లేకపోతే చాలు. అప్పటి నుంచి కోరుకున్న వోల్టేజి ఒక్కటే చూసి ఊరుకోకుండా, ప్రతి డయోడ్ కరెంటూ చూశాకే మోడల్‌ను నమ్ముతున్నాను.

ఆరో అడుగు: కాలం, విరామం

ఓఎమ్ఎడిట్ తనంతట తాను పెట్టే విలువలు ఒక సెకను, 500 విరామాలు. అంటే 2 మిల్లీసెకన్లకు ఒక చుక్క. 50 హెర్జ్ రెక్టిఫయర్‌లో రిపుల్ (అవుట్‌పుట్ వోల్టేజిలో మిగిలే చిన్న అల) ఒక చక్రం 10 మిల్లీసెకన్లు. ఐదు చుక్కలతో ఆ అల ఎలా కనిపిస్తుంది? డయోడ్ కరెంటు పల్సు వెడల్పే రెండు మూడు మిల్లీసెకన్లు కాబట్టి దాని శిఖరం చుక్కల మధ్య జారిపోతుంది. లోపల లెక్క సరిగ్గానే జరుగుతుంది, మనకు చూపించే చుక్కలే చాలవు. ముగింపు కాలం 0.2 సెకన్లు, విరామం 0.0001 సెకను పెట్టండి.

లెక్క చేసేది డాసల్ అనే సాల్వర్. లిండా పెట్జోల్డ్ 1980ల తొలినాళ్లలో రూపొందించింది. అవసరాన్ని బట్టి అడుగు పొడవును తానే పెంచుతుంది, తగ్గిస్తుంది. దాన్ని మార్చాల్సిన అవసరం ఇక్కడ లేదు.

ఇప్పుడు చేతిలెక్కతో పోల్చండి. డయోడ్లలో, చుట్టల్లో పోయాక అవుట్‌పుట్ శిఖరం సుమారు 15 వోల్టులు. లోడ్ కరెంటు 0.15 ఆంపియర్. రిపుల్‌కు పాఠ్యపుస్తకాల సూత్రం: కరెంటును 100తోనూ (సెకనుకు రిపుల్ చక్రాలు), కెపాసిటెన్సుతోనూ భాగించడం. 1.5 వోల్టులు వస్తుంది. సిమ్యులేషన్ ఇంతకంటే కొంచెం తక్కువ చూపించాలి. ఎందుకంటే సూత్రం కెపాసిటర్ పూర్తి 10 మిల్లీసెకన్లూ ఖాళీ అవుతుందనుకుంటుంది, నిజానికి అంతకు ముందే డయోడ్లు మళ్లీ నింపడం మొదలుపెడతాయి. డయోడ్ కరెంటు గ్రాఫ్ కూడా చూడండి. లోడ్ నిదానంగా 0.15 ఆంపియర్ తీసుకుంటుంటే, డయోడ్ల నుంచి అంతకు ఎన్నో రెట్లు ఎత్తైన సన్నని పల్సులు వస్తుంటాయి. డయోడ్‌ను, ఫ్యూజును ఎంచుకోవాల్సింది వీటిని చూసి.

ఏడో అడుగు: డయోడ్ లోపలికి

ఉత్సాహం ఉంటే డయోడ్‌ను కూడా మన ప్యాకేజీలో రాయవచ్చు. కరెంటు అంటే ఐఎస్ × (ఎక్స్‌ప్(వి ÷ వీటీ) − 1). ఐఎస్, వీటీ డయోడ్‌ను బట్టి ఉండే స్థిర విలువలు. ‘ఎక్స్‌ప్’ అంటే గణితంలోని ‘ఈ’ అనే సంఖ్యను బ్రాకెట్‌లోని ఘాతానికి హెచ్చించడం. లైబ్రరీ డయోడ్‌లో ఐఎస్ స్థానంలో 1 మైక్రోఆంపియర్, వీటీ స్థానంలో 0.04 వోల్టు ఉంటాయి. ఈ లెక్కన ఒక ఆంపియర్ పారేటప్పుడు డయోడ్ మీద 0.55 వోల్టు పడుతుంది. సమీకరణం సరైనదే. అయినా ఇలాగే రాసి నడిపిస్తే తరచూ ఆగిపోతుంది.

కారణం ఇది. సరైన జవాబు వెతికే క్రమంలో సాల్వర్ రకరకాల విలువలు వేసి చూస్తుంది. డయోడ్ మీద 17 వోల్టులని ఒక్కసారి అనుకుందంటే ఘాతం 425 అవుతుంది, కరెంటు 179 అంకెల సంఖ్య. 29 వోల్టులు అనుకుంటే కంప్యూటర్ సంఖ్యల హద్దే దాటిపోతుంది. అందుకే లైబ్రరీ డయోడ్ ఘాతం 15 దాటగానే వక్రరేఖను వదిలి, అక్కడి వాలులోనే సరళరేఖగా సాగుతుంది. పైగా డయోడ్‌కు సమాంతరంగా 10 కోట్ల ఓముల నిరోధం కలుపుతుంది. ఘాతం 15 అంటే దాదాపు 3.3 ఆంపియర్లు. కాబట్టి ఇంతకు మించిన కరెంట్ల దగ్గర ఆ డయోడ్ మాటను అలాగే తీసుకోకండి, మీ డయోడ్ డేటాషీట్ చూసి విలువలు మార్చండి.

‘ఐడియల్’ ప్యాకేజీలో స్విచ్చులా పనిచేసే ఇంకో డయోడ్ ఉంది. అది తెరుచుకున్నా మూసుకున్నా సాల్వర్ ఆ క్షణాన్ని వెతికి పట్టుకుని, అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. పెద్ద పవర్ సర్క్యూట్లలో ఇది వేగంగా నడుస్తుంది. మోడల్‌లో డయోడ్ రకాన్ని ‘రీప్లేసబుల్’ అని ప్రకటించి పెట్టుకుంటే, సర్క్యూట్‌ను ముట్టుకోకుండా ‘రీడిక్లేర్’ అనే ఒక్క వాక్యంతో రెండింటినీ మార్చి మార్చి చూడవచ్చు. ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ పద్ధతి వల్ల కలిగే లాభం బాగా కనిపించేది ఇక్కడే.

ఎనిమిదో అడుగు: వేడి

100 ఓముల లోడ్ మీద సగటున 14.5 వోల్టులంటే 2.1 వాట్ల వేడి. రెసిస్టర్ పారామీటర్లలో ‘యూజ్ హీట్‌పోర్ట్’ను ట్రూ చేయండి. బొమ్మ మీద మూడో కాలు మొలుస్తుంది. అది వేడికి పిన్ను. అందులో వోల్టేజి స్థానంలో ఉష్ణోగ్రత, కరెంటు స్థానంలో ‘ఫ్లో’తో కూడిన వేడి ప్రవాహం. రెండో అడుగులో రాసుకున్న నియమమే ఇక్కడా పనిచేస్తుంది.

‘థర్మల్’ లైబ్రరీలోని హీట్ ట్రాన్స్‌ఫర్ నుంచి హీట్ కెపాసిటర్ తెచ్చి 2 జౌళ్లు ప్రతి కెల్విన్, థర్మల్ కండక్టర్ తెచ్చి 0.05 వాట్లు ప్రతి కెల్విన్ ఇవ్వండి. కండక్టర్ రెండో చివర స్థిర ఉష్ణోగ్రత, 313.15 కెల్విన్. మన ఎండాకాలంలో మూసిన పెట్టె చుట్టూ ఉండే 40 డిగ్రీలన్నమాట. హీట్ కెపాసిటర్ ఆరంభ ఉష్ణోగ్రత కూడా అంతే పెట్టండి. ఇది చల్లారడానికైనా వేడెక్కడానికైనా 40 సెకన్ల కాలస్థిరాంకం (మొత్తం మార్పులో సుమారు 63 శాతానికి పట్టే సమయం) ఉన్న వ్యవస్థ, కాబట్టి కనీసం 200 సెకన్లు నడపాలి. అన్ని సెకన్లూ బ్రిడ్జితో సహా నడిపితే 20,000 రిపుల్ చక్రాలు లెక్కించాలి. అనవసరం. కొత్త మోడల్‌లో బ్రిడ్జి స్థానంలో 14.5 వోల్టుల స్థిర సోర్సు పెట్టి, రెసిస్టర్‌ను, వేడి భాగాలను మాత్రమే ఉంచండి. ఉష్ణోగ్రత 82 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. 2 వాట్ల రెసిస్టర్ అక్కడ పెట్టకూడదు, 5 వాట్లది తీసుకోవాలి.

ఇదే పని 0.5 ఓమ్ చుట్టలకు కూడా చేయండి. అక్కడ ‘ఆల్ఫా’ అనే పారామీటర్‌లో రాగికి 0.0039 వేయాలి. లైబ్రరీ 27 డిగ్రీలను ఆధారంగా తీసుకుంటుంది. చుట్టలు 87 డిగ్రీలకు చేరితే నిరోధం 0.5 నుంచి 0.617 ఓముకు పెరుగుతుంది. ఆ విలువను రెక్టిఫయర్ మోడల్‌లో వేసి మళ్లీ నడిపి, అవుట్‌పుట్ వోల్టేజి ఎంత తగ్గిందో రాసుకోండి. మీ పవర్ సప్లై మే నెల మధ్యాహ్నం ఇవ్వబోయే వోల్టేజి అదే.